ఎవెలియో పుస్తకంలో ఒకే ఒక్క కొట్టివేత

ఎవెలియో కస్కాంతె అయిదో తరగతిలో బడి మానేశాడు. ఎందుకు మానేశాడన్నదానికి మూస్గో ఊళ్లో మూడు కారణాలు తిరుగుతున్నాయి. మూడూ ఎవెలియో చెప్పినవే. ఒకటి, అగ్నిపర్వతం తుమ్మినప్పుడు ఊరంతటిలోనూ ఏరి మరీ అతని బెంచీ మీదే రాయి వచ్చి పడింది. రెండు, పంతులమ్మ దగ్గరున్న చదువంతా మే నెలకల్లా జుర్రేశాడు గనక ఆవిడే దండం పెట్టి, ఇక నా దగ్గరేమీ లేదు నాయనా, ఇంటికి పొమ్మంది. మూడు, ఒక చిరుతపులి రోజూ బడిదాకా దిగబెట్టేది, అది చచ్చిపోయాక ఒంటరిగా వెళ్లడం అతనికి మనసొప్పలేదు.

అసలు కారణం భాగహారం. మూడేళ్లు వరసగా తప్పాడు. ఈ నాలుగో కారణాన్ని ఎవెలియో ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో అందరికీ తెలుసు.

అలాంటి మనిషికి ముప్ఫై రెండో ఏట, పుస్తకం రాసే ఉద్యోగం దొరికింది. కొండ కింద, ఏడాదిలో పదినెలలు వాన కురిసే అడవి అంచున, గొంగళిపురుగుల కొట్టం ఒకటి వెలిసింది. అందులో పనిచేసేవాళ్లను ఊళ్లో పురుగులవాళ్లంటారు. పొద్దున్నే రబ్బరు బూట్లు తొడిగి, నడుముకు మచ్చుకత్తి కట్టి అడవిలోకి పోవాలి. ఆకు మీద పాకే ప్రతి పురుగునూ ఆ ఆకుతో సహా పట్టుకురావాలి. ప్లాస్టిక్ సంచిలో వేసి, నంబరు కట్టి, బట్టలారేసినట్టు తాడుకు వేలాడదీయాలి. రోజూ కొత్త ఆకు పెట్టి, పెంటికలు దులిపి, రెక్కలొచ్చేదాకా పసిబిడ్డల్లా సాకాలి. పురుగు ఏమవుతుందో అది అయ్యాక, దాన్ని దూరదేశాల్లో పేర్లు తెలిసిన పెద్దలకు పంపాలి.

ఇదంతా ఒక ఎత్తు, పుస్తకం ఒక ఎత్తు. అందులో సిరాతోనే రాయాలి. సంచి నంబరు, తేదీ, దొరికిన చోటు, తినే ఆకు, పట్టుకొచ్చిన మనిషి పేరు. తప్పు రాస్తే చెరపకూడదు, చించకూడదు, దిద్దకూడదు. అడ్డంగా ఒక్క గీత కొట్టాలి. పక్కన పొడి అక్షరాలు వేసి, కారణం రాయాలి. ఏటా డిసెంబరులో అరిటాకుల్లో మొక్కజొన్న పిండి చుట్టి తమాలె ఉడికించినప్పుడు, కొట్టం పెద్ద దోన్ రీగో, అంటే రీగోగారు, అందరి పుస్తకాలూ తెరిచి గీతలు లెక్కపెట్టేవాడు. ఎవరి పుస్తకంలో గీతలు తక్కువో వాళ్లకే మొదటి తమాలె.

ఏడేళ్లుగా ఆ మొదటి తమాలె ఎవెలియోదే. ఏడేళ్లలో పదకొండు వేల పైచిలుకు పురుగులు, ఒక్కటంటే ఒక్క గీత లేదు. భాగహారం రానివాడి పుస్తకం కడిగిన ముత్యంలా ఉండేది. మోచేతి కింద పెట్టుకుని సారాకొట్టుకి కూడా తీసుకుపోయేవాడు.

"చూడండ్రా, చూసి కళ్లు కడుక్కోండి. దేశాధ్యక్షుడి సంతకంలో కూడా తడబాటుంటుంది, నా పుస్తకంలో ఉండదు," అనేవాడు.

"తప్పులన్నీ నోటితో చేసేస్తావు గదా, ఇక చేతికేం మిగుల్తాయి?" అనేవాడు సారాకొట్టువాడు.

ఆ కొట్టంలోనే ఒదిలీయె సంచులు కడిగేది. ఎవెలియో అన్న భార్య. అన్న కొండవాగులో పోయి పదేళ్లయింది. ఆమె అక్షరమ్ముక్క నేర్వలేదు, తన పేరు మాత్రం బొమ్మ గీసినట్టు గీసేది. వాడిన సంచులన్నీ తొట్లో ముంచి, పురుగు వాసన పోయేదాకా రుద్ది, తాడు మీద ఆరేయడం ఆమె పని. పురుగులు పట్టడం ఆమె పని కాదు. కానీ రోజూ తెల్లారకముందే అడవి దారిన నడిచొచ్చే మనిషి, కళ్లు మూసుకుని నడవదు గదా.

ఒక ఉదయం ఆమె కాఫీ డబ్బా పట్టుకుని వచ్చింది.

"మరిదీ, ఇదేంటో చూడు. విరిగిన వంతెన దగ్గర తీగ మీదుంది. నల్లగా ఒళ్లంతా వెంట్రుకలు, మెడ దగ్గర మాత్రం నారింజ కుచ్చు. మీ అన్న పెళ్లినాడు పెట్టుకున్న టోపీలా లేదూ?"

ఎవెలియో డబ్బాలోకి తొంగి చూశాడు. పులిచిమ్మట పిల్ల, అంటే రాత్రిపూట ఎగిరే రంగురంగుల రెక్కల పురుగు పిల్ల. ఆ జాతి గొంగళ్లను వందలు చూశాడు గాని ఈ కుచ్చును చూడలేదు.

"బాగుంది వదినా. ఆకు కూడా తెచ్చావా?"

"తేకుండా? ఏడేళ్లుగా మీ సంచులు కడుగుతున్నా, ఆ మాత్రం తెలీదా? ఉపవాసముంచడానికి అదేమన్నా పూజారా?"

సంచి కట్టి, పుస్తకం తెరిచి, నంబరు, తేదీ, వంతెన, తీగ వరసగా రాశాడు. చివరి గడిలో చెయ్యి దాని అలవాటున అది రాసేసింది. ఎవెలియో కస్కాంతె. పదకొండు వేలసార్లు రాసిన పేరు; కలం దారి తెలిసిన గుర్రం, ఇంటికే పోయింది.

రాసిన మరుక్షణం చూసుకున్నాడు. సిరా ఇంకా మెరుస్తోంది. గీత కొట్టాలి. ఒదిలీయె అని రాయాలి. పక్కన కారణం రాయాలి. డిసెంబరుకు ఇంకా మూడు వారాలే ఉంది.

వదిన అప్పటికే తొట్టి దగ్గరికి వెళ్లిపోయింది. ఆమెకు చదవడం రాదు. ఎవెలియో సిరా ఆరేదాకా ఊదాడు, పుస్తకం మూశాడు. ఆ ఏడు కూడా మొదటి తమాలె అతనే తిన్నాడు. ఎప్పటికంటే కాస్త ఉప్పగా అనిపించింది, అంతే.

రెండేళ్లు గడిచాయి. ఒకనాడు దోన్ రీగో కాగితం ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఆ నారింజ కుచ్చు గొంగళిలోంచి వచ్చిన చిమ్మట లోకంలో ఇంతదాకా ఎవరూ పేరు పెట్టనిదట. పట్టినవాళ్ల పేరే దానికి పెడతారట. మూణ్నెల్లలో శాస్త్ర పత్రికలో అచ్చవుతుందట.

"ఎవెలియో, నువ్వు చస్తావు, నీ పేరు చావదు!" అని వీపు మీద చరిచాడు దోన్ రీగో.

కొట్టంలో కోడి అన్నం వండుకుని పండగ చేసుకున్నారు. వండింది ఒదిలీయె. అందరికీ వడ్డించింది. ఎవెలియో పళ్లెంలో తొడముక్క వేసింది.

"తిను మరిదీ. నీ పేరుకి రెక్కలొచ్చాయంటగా."

ఆ మాటలో ముల్లుందేమో అని ఆమె మొహంలోకి చూశాడు. ఏమీ కనపడలేదు. మర్చిపోయి ఉంటుంది అనుకున్నాడు. మనిషి తనకు కావలసినదాన్ని ఎంత తొందరగా నమ్ముతాడో! తొడముక్క రెండోది కూడా అడిగి వేయించుకున్నాడు.

ప్రతి గురువారం కింది ఊళ్ల బడిపిల్లలు కొట్టం చూడ్డానికి వచ్చేవాళ్లు. వాళ్లకు పురుగులు చూపించే పని ఎవెలియోది. చూపించడం ఏమిటి, అది పెద్ద ఆట. బల్ల మీద పులిచిమ్మట ఉన్న సీసా ఒకటి పెట్టేవాడు, మఖమల్ పురుగు బొమ్మ ఒకటి పెట్టేవాడు. రెండిటికీ కుస్తీ పెట్టేవాడు.

"ఇటుపక్క పులిచిమ్మట! రెక్కల మీద పసుపు, నలుపు, ఎరుపు. సంతలో గాజులమ్మే ఆవిడలా తయారై వస్తుంది. గబ్బిలం మీదికొస్తే పారిపోతుందా? ఊహూ. టిక్ టిక్ టిక్ అని అరుస్తుంది. ఏమని?"

"ఏమని?" అని పిల్లలు.

"నేను విషం, నన్ను తిన్నావంటే మీ ముత్తాత కూడా గోరీలోంచి లేచి కక్కుకుంటాడు, అని! గబ్బిలం దండం పెట్టి పక్కకు తప్పుకుంటుంది. ఇక అటుపక్క మఖమల్ పురుగు! ఎముక లేదు, డొప్ప లేదు, చొక్కా కూడా లేదు. కుళ్లిన దుంగ కింద పడుకుంటుంది. ఎండ తగిలితే ఎండిపోయి చస్తుంది. కానీ మూతికి రెండుపక్కలా రెండు గొట్టాలు! చిమ్మిందంటే జిగురు. నేను చూసినదాని పొడవు నా చెయ్యంత. అది చిమ్మితే మా గుర్రం మూడ్రోజులు కంచెకి అతుక్కుపోయింది. నాలుగోరోజు కంచెతో సహా ఇంటికి తోలుకొచ్చాను!"

పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. కుస్తీలో ఎప్పుడూ చిమ్మటే గెలిచేది. ఎవెలియో మఖమల్ పురుగును జన్మలో చూడలేదన్న సంగతి మాత్రం బల్ల కిందే దాచిన మాట. అది కనపడితే అదృష్టమని అడవి మనుషులే అంటారు. అతని అదృష్టమంతా నోట్లోనే ఉండేది.

కాగితం వచ్చిన తర్వాత కుస్తీకి కొత్త కథ తోడయింది. గొంగళిని తాను ఎలా పట్టాడన్నది. మొదటి గురువారం విరిగిన వంతెన మీద ఒంటికాలితో నిలబడి పట్టాడు. రెండో గురువారానికి వంతెన కింద వరద వచ్చింది. నాలుగో గురువారానికి వరదలో మొసలి వచ్చింది. అతను తొట్టి వైపు చూడకుండా చెప్పేవాడు. తొట్టి దగ్గర నీళ్ల చప్పుడు మాత్రం ఆగకుండా వినిపించేది.

అచ్చుకు ఇంకా ఎనిమిది రోజులుందనగా మూస్గో బడే వచ్చింది. ముందు వరసలో యెర్లీన్ ఉంది. ఒదిలీయె మనవరాలు, పదేళ్ల పిల్ల. మొసలి నోట్లోకి ఎవెలియో బూటు పోయే ఘట్టంలో ఆ పిల్ల చెయ్యెత్తింది.

"చిన్నతాతా, అది మా అవ్వ తెచ్చింది గదా?"

"ఏదమ్మా, మొసలా?"

పిల్లలు నవ్వారు.

"కాదు. గొంగళి. మా అవ్వ కాఫీ డబ్బాలో పెట్టి తెచ్చానంది. ఆకు కూడా పెట్టిందంట. తాతయ్య పెళ్లిటోపీలా ఉందని చెప్పింది."

తొట్టి దగ్గర నీళ్ల చప్పుడు ఆగింది.

ఎవెలియో పురుగు బొమ్మను బల్ల మీద అటూ ఇటూ సర్దాడు. అప్పుడే చెప్పొచ్చు. అవునమ్మా, మీ అవ్వే తెచ్చింది, అంటే సరిపోయేది. నాలుగు మాటలు. కానీ ముప్ఫై మంది పిల్లలు, పంతులమ్మ, పక్కనే చేతులు కట్టుకుని దోన్ రీగో. అతని నోరు, చేతిలాగే, దాని దారిన అది పోయింది.

"ఆహా! మీ అవ్వా? చెప్పలేదే! అయితే చిరుతపులిని కూడా కాఫీ డబ్బాలోనే పట్టిందా? అగ్నిపర్వతానికి మూత పెట్టింది కూడా ఆ డబ్బా మూతేనా?"

కొట్టం దద్దరిల్లేలా నవ్వులు. పంతులమ్మ కూడా నవ్వింది. నవ్వి, "గొప్పలు చెప్పకూడదు యెర్లీన్, కూర్చో," అంది. ఆ పిల్ల కూర్చుంది. చెవులు ఎర్రబడ్డాయి. తల మళ్లీ ఎత్తలేదు.

ఎవెలియో తల తిప్పాడు. ఒదిలీయె తొట్లో చేతులు పెట్టుకుని అతన్నే చూస్తోంది. కోపం లేదు. సంచిలో చచ్చిపోయిన పురుగును చూసినట్టు చూసింది. తర్వాత మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం అతను దోన్ రీగో గది దాకా వెళ్లాడు. తలుపు తీసే ఉంది. దోన్ రీగో ఎవరో అతిథులకు అతని పుస్తకమే చూపిస్తున్నాడు.

"తొమ్మిదేళ్లు. ఒక్క గీత లేదు. ఇదిగో, మనిషి కూడా వచ్చాడు. ఏం ఎవెలియో, ఏదో చెప్పబోతున్నావు?"

"దీపం... వెనక దీపం గాజు పగిలింది, దోన్ రీగో."

దీపం గాజు పగల్లేదు. బయటికొచ్చాక తనే రాయి తీసుకుని పగలగొట్టాడు. అబద్ధాన్ని నిజం చేయడానికి అతను పడినంత కష్టం ఎవరూ పడి ఉండరు.

ఎనిమిది రోజులూ పోయాయి. కాగితం అచ్చయి వచ్చింది. చిమ్మట కింద లాటిన్‌లో ఎవెలియో పేరు. దోన్ రీగో మిగతాది కూడా చదివి వినిపించాడు: ఈ జాతి చిమ్మటల్లో చాలావాటికి విషం ఉంటుంది గాని, దీనికి మాత్రం ఒంట్లో విషపు చుక్క లేదట. రంగులు వేసుకుని, టిక్ టిక్ మని చప్పుడు చేసి బతుకుతుందట, అంతే. ఇక ఈ పేరు ఎవరూ మార్చడానికి లేదు, ఒకసారి అచ్చయితే లోకం ఉన్నంతకాలం ఇదే, అని కూడా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవెలియో చేతులు మాత్రం జేబుల్లోంచి బయటికి రాలేదు.

ఆ వారం అతను సారాకొట్టుకి పోలేదు. గురువారం గొంతు బాగాలేదన్నాడు. దారిలో యెర్లీన్ కనపడితే పక్క బాటలోకి తిరిగాడు. పదేళ్ల పిల్లను చూసి దారి తప్పించుకునే మగాణ్ణి అయ్యానే అనుకున్నాడు.

రాత్రంతా వాన కురిసిన మర్నాడు, తెలతెలవారుతుండగా అతని ఇంటి ముందు "ఊపే!" అని కేక వినిపించింది. ఆ ఊళ్లో తలుపు తట్టరు, అలాగే పిలుస్తారు. ఒదిలీయె.

"రా మరిదీ. నీ పహిల్వాను వచ్చాడు, చూద్దువుగాని."

"ఏ పహిల్వాను?"

"చెయ్యంత పొడుగున్నాడన్నావుగా. నాకు దొరికినవాడు వేలంతే ఉన్నాడు. మరి నీవాడు అన్నగారేమో."

ఆమె ఇంటి వెనక కుళ్లిన దుంగ ఉంది. మెల్లగా పక్కకు దొర్లించింది. కింద, తడి ఆకుల మీద, మఖమల్ పురుగు. ముదురు ఎరుపు, మెడ చుట్టూ లేత పట్టీ. నిజంగానే మఖమల్ గుడ్డ ముక్కలా ఉంది. చిట్టి చిట్టి కాళ్లు అలలా కదులుతున్నాయి. చప్పుడు లేదు. నెమ్మదిగా ఒక కీచురాయి దగ్గరికి పోయింది. మీసాలతో ముట్టీముట్టనట్టు ముట్టింది. ఉన్నట్టుండి రెండు తెల్లటి దారాలు ఊగుతూ వచ్చి ఆ పురుగును నేలకు అల్లేశాయి. అంతే. గుర్రం లేదు, కంచె లేదు. జానెడు దూరం. కానీ ఎవెలియో ఇంకా ముందుకు వంగాడు. తను ఇన్నేళ్లుగా చెప్పిన అబద్ధాల కంటే ఇది ఎంతో బాగుంది.

తర్వాత అది తినడం మొదలుపెట్టింది. పురుగునే కాదు, పక్కన పడి ఎండిపోతున్న ఆ జిగురు దారాల్ని కూడా.

"అదేంటి వదినా? ఉమ్మినదాన్నే తింటోందేం?"

"తింటుంది. నేను నాలుగైదుసార్లు చూశా. చిన్న ప్రాణం, ఒంట్లోది అంతా బయటికి చిమ్మేస్తుంది. తిరిగి మింగకపోతే మళ్లీ చిమ్మడానికి ఏమీ ఉండదు దానికి. దానికి సిగ్గు లేదు మరిదీ. మనకే."

ఎవెలియో తడి ఆకుల మీద మోకాళ్ల మీద కూర్చున్నాడు. దుంగ వైపే చూస్తూ అన్నాడు.

"వదినా, ఆ రోజు పుస్తకంలో నా పేరు రాశాను."

"తెలుసు."

"నీకు చదవడం రాదుగా!"

"నా పేరు ఎలా ఉంటుందో తెలుసు. నువ్వు పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టినప్పుడు చూశా, అది అక్కడ లేదు. అదొక్కటి చదివితే చాలదా?"

"మరెందుకు అడగలేదు?"

"నువ్వే చెప్తావని చూశా. మీ అన్న తమ్ముడివి గదా అని." ఆమె దుంగను పసిపిల్లను పడుకోబెట్టినట్టు మళ్లీ యథాస్థానంలో పెట్టింది. "పేరు నాకెందుకు మరిదీ? సంచులు కడిగేదాన్ని. చిమ్మట వచ్చి నన్ను పిలుస్తుందా? కానీ పిల్ల ఆ రోజు నుంచి నా మాట నమ్మట్లేదు. 'అవ్వా, నిజంగా నువ్వే తెచ్చావా?' అని మూడుసార్లు అడిగింది. నాకూ అనుమానమొచ్చేసింది, తెచ్చానో లేదో అని."

ఎవెలియో తడి ఆకు ఒకటి తీసుకుని చీలికలు చేశాడు.

లేచేటప్పుడు ఆమె అంది: "విషం లేదంటగా ఆ చిమ్మటకి? ఉత్త చప్పుడేనంట. అయితే పేరు సరిగ్గానే పెట్టారులే."

ఆ రోజే పాత పుస్తకం బీరువాలోంచి తీశాడు. పేజీ వెతకనక్కర్లేదు, రెండేళ్లుగా కళ్లు మూసుకున్నా కనిపిస్తున్న పేజీ. గీత కొట్టడానికి కలం పెడితే అలవాటు లేని గీత వంకర పోయింది. పక్కన ఒదిలీయె అని రాశాడు. కారణం గడి ఇరుకైనది. చిన్న అక్షరాలతో రెండు వాక్యాలు రాశాడు. పుస్తకం దోన్ రీగో బల్ల మీద తెరిచి పెట్టాడు. దోన్ రీగో చదివాడు, కళ్లజోడు తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. పుస్తకాన్ని వెనక్కి తోశాడు. తిడతాడేమో అని ఎవెలియో కాసేపు నిలబడ్డాడు. తిట్టలేదు. ఎవెలియో పుస్తకం చంకన పెట్టుకుని బయటికి నడిచాడు.

మర్నాడు మూస్గో బడికి వెళ్లాడు. అయిదో తరగతి. పాతికేళ్ల కిందట వదిలేసిన గది. టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"పిల్లలూ, ఆ చిమ్మటను పట్టింది నేను కాదు. యెర్లీన్ చెప్పిందే నిజం. వాళ్లవ్వ కాఫీ డబ్బాలో తెచ్చింది. నేను అబద్ధమాడాను."

వెనక వరసలో ఎవడో ఫక్కుమన్నాడు. తరగతంతా గొల్లుమంది.

"ఇది అన్నిటికంటే బాగుంది, దోన్ ఎవెలియో!"

"మొసలేమైంది? మొసలి అబద్ధమాడమందా?"

"కాఫీ డబ్బా కథ మళ్లీ చెప్పండి!"

చప్పట్లు కొట్టారు. ఎవెలియో చేతులూపాడు, కాదు, కాదు అన్నాడు. అతను ఎంత కాదంటే వాళ్లు అంత నవ్వారు. పంతులమ్మ కూడా పెదవి బిగబట్టుకుంది. నిజం చెప్పడానికి అతని దగ్గర వేరే గొంతు లేదు. ఉన్న ఒక్క గొంతునూ అబద్ధాలకు ఇచ్చేశాడు.

యెర్లీన్ నవ్వలేదు. అతని చంకలో ఉన్న పుస్తకం వైపు చూస్తోంది. ఎవెలియో ఆ పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాడు. పిల్ల లేచి నిలబడి, గీత మీద వేలు పెట్టి, గట్టిగా చదివింది.

"'ఎవెలియో కస్కాంతె', దీని మీద కొట్టేసి ఉంది. పక్కన, 'ఒదిలీయె'. కారణం..." ఆగి, తలెత్తి అతన్ని చూసి, మళ్లీ చదివింది. "'పురుగును తెచ్చింది ఆమె. రాసినప్పుడే నాకు తెలుసు.'"

నవ్వు ఒక్కో బెంచీ దగ్గరా ఆగుతూ వచ్చింది. పంతులమ్మ వచ్చి యెర్లీన్ పక్కన నిలబడింది. ఎవెలియో నేల మీది పెచ్చులూడిన సిమెంటునే చూస్తున్నాడు. ఈ సిమెంటు అతనికి బాగా తెలుసు; భాగహారం అడిగినప్పుడల్లా దీన్నే చూసేవాడు.

వెనక వరస కుర్రాడు, ఈసారి చిన్న గొంతుతో అడిగాడు.

"మరి దోన్ ఎవెలియో, ఆ మఖమల్ పురుగైనా నిజంగా చూశారా?"

"చూశాను."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారి. మొన్న పొద్దున." టోపీని ఇంకో చుట్టు నలిపాడు. "వేలంత ఉంది. జానెడు దూరం చిమ్మింది. అది కూడా యెర్లీన్ వాళ్లవ్వే చూపించింది."